‘సూసిన’ అన్న మనిషి

ఈ వానాకాలంలో ఒక ఉదయం పాల ప్యాకెట్ కోసం వీధి చివరికి వెళ్తే, చాయ్ హోటల్ అతను గ్లాసులు కడుగుతూనే చెప్పాడు: "సారూ, లైటన్న పోయిండట."

చెప్పి నవ్వాడు. చావు కబురు చెబుతూ నవ్వాలని అతని ఉద్దేశం కాదు. ఆ పేరు నోట్లోకి వస్తే కరీంనగర్‌లోని మా వాడలో ఎవరికైనా ముందు నవ్వే వస్తుంది. మిగతాది తరువాత. శవాన్ని తీసుకుపోయేటప్పుడు కూడా నా వెనక ఎవరో "లైటు ఆరిపాయె" అన్నారు. నవ్వు ఆపుకోవడానికి ఇంకెవరో చిన్నగా దగ్గారు.

ఆయన అసలు పేరు నేనిక్కడ రాయను. బతికున్నప్పుడు దాన్ని పలికినవాళ్లు తక్కువ. చచ్చిపోయాక నేను బయటికి తీస్తే ఆయనకు ఒరిగేదేమీ లేదు. ఆ వెక్కిరింపు పేరు ఎట్లా వచ్చిందో మాత్రం రాయాలి.

ఆయన డ్రైవరు. వాళ్ల ఇల్లు, మా ఇల్లు గోడకు గోడ. నేను ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతాను కాబట్టి నన్ను సారు అనేవాడు. వయసులో పెద్ద కాబట్టి నేను అన్నా అనేవాణ్ణి. సొంత ఊరు ఆసిఫాబాద్ పక్కన పల్లె. సరే అనాల్సిన చోట "బరం" అనేవాడు. ఆ మరాఠీ ముక్క ఒక్కటే ఆయనతోపాటు ఇక్కడికి వచ్చి మిగిలింది.

ఆయన మాటలో ఒక గట్టి పద్ధతి ఉండేది. కంటితో చూసినదాన్ని "సూసిన" అనేవాడు. ఎవరైనా చెప్పినదాన్ని "అన్నరు" అనేవాడు. ఒకదాని స్థానంలో ఇంకొకటి ఎన్నడూ వాడలేదు. జగిత్యాల బస్సు పోయిందా అని అడిగితే ఎవరైనా పోయిందంటారు, లేదంటారు. ఈయన, "పోయిందని పాన్‌డబ్బా ఆయన అన్నడు. నేనైతే సూడలే" అనేవాడు. ఆ జవాబు పూర్తయ్యేలోపు అడిగినవాళ్లు విసుక్కుని నడక మొదలుపెట్టేవాళ్లు. పెళ్లి భోజనాల దగ్గర ఎవరో మటన్ ఎట్లున్నదని అడిగితే, చేతిలో విస్తరి పట్టుకుని నిలబడి, "మంచిగున్నదని అందరంటున్నరు. నేనింక తినలే" అన్నాడు.

ఈ పద్ధతిని ఎక్కువ భరించింది ఆయన భార్య. గోడ మీది నుంచి నాతో మాట్లాడుతూ ఆమె ఒకసారి అన్నది: "పెండ్లి సూపులల్ల పిల్ల ఎట్లున్నదిరా అని వాళ్లవ్వ అడిగితె గీయనేమన్నడో ఎరికేనా సారూ? సగం మొకమే సూసిన, మిగిలిన సగానికి కొంగు అడ్డమున్నది అన్నడట. ఇప్పటిదాంక ఆ మిగిలిన సగం సంగతి చెప్పలే."

ఆయన లోపల్నుంచి, "తర్వాత సూసిన గదనే" అన్నాడు.

"సూస్తే చెప్పాలె గద మరి!"

నవ్వులాటకు బాగానే ఉండేది. పంచాయితీల్లో కాదు. సొంత బామ్మర్దికి పొలం దగ్గర హద్దురాయి తగాదా వస్తే ఈయన్ని సాక్షిగా తీసుకుపోయారు. పక్క చేనువాడు రాయి జరపడం చూశావా అని పెద్దమనుషులు అడిగారు. "జరిపింది సూడలే. జరిగి ఉన్నది సూసిన" అన్నాడు. ఆ మాట ఎవరికీ పనికిరాలేదు. బామ్మర్ది ఆ తరువాత చాలాకాలం వీళ్ల గడప తొక్కలేదు. ఒక్క మాట అటో ఇటో అంటే ఏం పోయేదన్నా అని నేను అడిగాను.

"సారూ, బండి నడిపేటోడు అనుకున్నదాని మీద నడపడు. ముందట ఏం కనవడ్డదో దాని మీద నడుపుతడు. ముందట బర్రె ఉన్నదా లేదా? ఉంటె బిరేకు తొక్కాలె. ఉన్నదేమో అంటె అటు తొక్కలేం, ఇటు ఇడ్వలేం" అన్నాడు.

ఆయన పనిచేసింది ఒక గ్రానైట్ క్వారీ యజమాని దగ్గర. అందరూ ఆయన్ని పటేల్ అనేవాళ్లు. భూములున్న కుటుంబం, తరువాత రాయి వ్యాపారంలోకి వచ్చారు. పటేల్ చెడ్డవాడు కాదు, ఇది ముందే చెప్పాలి. నవ్వుతూ మాట్లాడతాడు, పనివాళ్ల ఇళ్లలో పెళ్లికీ చావుకీ వస్తాడు. ఆయనకు రెండు పికప్ ట్రక్కులుండేవి. రెండూ ఒకే కంపెనీవి, పేరు కూడా ఒకటే, వచ్చిన సంవత్సరాలు వేరు. పాతదాన్ని పటేలే నడుపుకునేవాడు. కొత్తది క్వారీకి. పొద్దున కూలీలను, డీజిల్ డబ్బాలను ఎక్కించుకుని పోవడం, సాయంత్రం కూలీలను దింపడం మా అన్న పని.

కొత్త మోడల్‌లో స్టీరింగ్ వెనక ఒక చిన్న పసుపు లైటు ఉండేది. టైర్లో గాలి తగ్గితే వెలుగుతుందని కొన్నప్పుడు చెప్పారు. పాత మోడల్‌లో అది లేదు. కొత్తదానికి నల్లగా మెరిసే అలాయ్ చక్రాలు కూడా వచ్చాయి. ఇంట్లో పెళ్లి దగ్గరపడ్డప్పుడు పటేల్ కన్ను వాటి మీద పడింది. "రాళ్లల్ల తిరిగే బండికి గంత సోకెందుకు?" అని వాటిని ఊడదీయించి తన బండికి వేయించుకున్నాడు, తన బండి ఇనుప చక్రాలు దీనికి వేయించాడు. బోల్టులు సరిగ్గా కూర్చున్నాయి. పంక్చర్ షాపతను కూడా రెండూ ఒక్క తీరే ఉన్నయి పటేలా అన్నాడు. పెళ్లయ్యాక మళ్లీ మార్చలేదు.

చక్రాలు మార్చిన మరునాడు రోడ్డెక్కిన కొంతసేపటికి లైటు వెలిగింది. ఆయన బండి పక్కకు ఆపి, కూలీలను దింపి, నాలుగు టైర్లకూ గాలి చూశాడు. సరిగ్గా ఉంది. ఆ తరువాతి రోజూ వెలిగింది, ఆయన మళ్లీ ఆపాడు. వెనక మనుషులు కూర్చున్నప్పుడు లైటు చెప్పింది వినకుండా పోవడం ఆయనకు చేతకాలేదు. క్వారీలో పని ఆలస్యమవుతోందని మేస్త్రి పటేల్‌కు చెప్పాడు.

పటేల్ తన షెడ్డులో రెండు బండ్లూ పక్కపక్కన నిలబడి ఉండగా వచ్చి, చూపించమన్నాడు. అన్న తాళం తిప్పాడు. లైటు లేదు. బండిని షెడ్డు ముందు కాసేపు ముందుకూ వెనక్కూ నడిపాడు. అప్పుడూ లేదు.

"రోడ్డు మీద వెలిగింది పటేలా. నేను సూసిన."

"నేనొస్తే దాక్కుంటదా? లైటా, కొత్త కోడలా ఏందే అది?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

"చక్రాలు మార్చినకాడికెల్లే గిట్లయితున్నది. ఒక్కపారి షోరూముల అడుగుదాం పటేలా."

"చక్రంల గాలి ఉన్నదా?"

"ఉన్నది."

"బోల్టు కూసున్నదా?"

"కూసున్నది."

"బోల్టు కూసున్నంక చక్రం ఏ బండిదైతే ఏంది? గాలికేమన్న మోడల్ ఉంటదానే?"

ఈ చివరి మాట క్వారీ నుంచి మా వాడదాకా పాకింది. చాయ్ చల్లారితే, "చాయ్‌కేమన్న మోడల్ ఉంటదా" అనుకునేవాళ్లు. పొద్దున ఆయన బండి తీస్తుంటే కూలీలు వెనకెక్కి కూర్చుని, "లైటన్నా, ఇయ్యాల వెలుగుతదా, రేపా? చెప్తె అన్నం డబ్బ తెచ్చుకుంటం" అనేవాళ్లు. ఒక ముసలి కూలీ ఒకసారి ముందు సీట్లో కూర్చుని ఆ లైటు చూశాడు. అన్న అతన్ని పటేల్ దగ్గరికి తీసుకుపోయాడు. అక్కడ అతను తలపాగా సర్దుకుంటూ, "ఏమో పటేలా, అద్దం మీద ఎండ పడ్డది కావచ్చు" అన్నాడు. అన్న ఇంటికి వచ్చి నాతో, "ఆయనకు ఎండ కనవడ్డదేమో సారూ. నాకైతే లైటు కనవడ్డది" అన్నాడు.

తరువాత కొండగట్టు ప్రయాణం వచ్చింది. పటేల్ ఇంట్లో ఏదో మొక్కు ఉండి రెండు బండ్లూ బయలుదేరాయి. పటేల్ నన్ను కూడా పిలిచాడు. "సారూ, నువ్వు వాని పక్కన కూసో. సదువుకున్నోనివి, నీ కండ్లతోని సూసి చెప్పు. ఇయ్యాల్టితోని ఈ పంచాయితి తెగాలె" అన్నాడు. అన్న వైపు తిరిగి, "నా ఎనుకనే రా. నడుమ బస్సు దూరనియ్యకు" అన్నాడు.

అన్న సంతోషించాడు. నేను చూస్తే చాలనుకున్నాడు. దారి పొడుగునా పటేల్ బండి వెనక అంటుకున్నట్టే నడిపాడు. నా కళ్ల ముందు ఆ బండి నల్ల చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. నేను వాటిని చూడలేదు. స్టీరింగ్ వెనకే చూస్తూ కూర్చున్నాను. గంగాధర ఊరు దాటాం. లైటు లేదు. ఆయన కూడా మాటిమాటికీ చూపు దించుతున్నాడు. రోడ్డు మీది నుంచి ఆయన చూపు తప్పడం నేను అంతకు ముందు ఎరగను.

"వెలుగుతది సారూ. జర ఆగు" అన్నాడు.

కొండ కింద బండ్లు ఆగాయి. లైటు వెలగలేదు. పటేల్ దిగి వచ్చి అద్దం మీద వేళ్లతో కొట్టి, "చెప్పు సారూ" అన్నాడు.

"వెలగలేదు" అన్నాను.

అది నిజం. అక్కడున్నవాళ్లు ఈసారి నవ్వలేదు కూడా. అన్న తాళం తీసి చేతిలో పట్టుకుని, "సారు సూసింది సారు చెప్పిండు" అన్నాడు. నన్ను తప్పు పట్టలేదు. ఆయన పద్ధతి ప్రకారం నేను సరిగ్గానే మాట్లాడాను.

పటేల్ ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "అరే, పరేషాన్ గాకు. వయసు మీద పడుతున్నది గద. కండ్లు సూపిచ్చుకో. నేనే తీస్కపోత దవాఖానకు." అప్పటిదాకా వెక్కిరింపులన్నీ తట్టుకున్న మనిషి ఈ మాటకు తల దించుకున్నాడు. తిట్టి ఉంటే ఇంకా వాదించేవాడనే ఇప్పటికీ అనుకుంటాను.

పటేల్ అన్నంత పనీ చేశాడు. కళ్ల డాక్టరు చూసి మోతిబిందు, అంటే కంట్లో శుక్లం, మొదలవుతోందని, ఈ వయసుకు అందరికీ ఉండేదేనని, అప్పుడే ఏమీ చేయనక్కర్లేదని చెప్పాడు. క్వారీకి చేరింది మాటలోని మొదటి ముక్క ఒక్కటే. ఆ వారంలోనే అన్న బండి తాళాలు ఇచ్చేసి వచ్చాడు. ఎవరూ తీసెయ్యలేదు, ఆయనే ఇచ్చాడు. కళ్లు సరిగా లేనివాడు మనుషుల్ని ఎక్కించుకుని నడపకూడదన్నాడు. బండి ఇంకో డ్రైవరుకు ఇచ్చారు. అతను ఆ లైటు మీద నల్ల టేపు ముక్క అంటించుకుని నడిపాడని తరువాత విన్నాను.

అన్న బైపాస్ దగ్గర ఒక ఫంక్షన్ హాల్లో వాచ్‌మన్‌గా చేరాడు. కళ్లజోడు పెట్టుకున్నాడు. మనిషి పెద్దగా మారినట్టు కనిపించేవాడు కాదు. మారింది ఆయన మాట. మొదట నేను గమనించలేదు. ఒకరోజు మా కాలేజీ బస్సు వెళ్లిందా అన్నా అని అడిగితే, రోడ్డు వైపే నిలబడి ఉన్న మనిషి, "పోయినట్టే ఉన్నది సారూ" అన్నాడు. ఆ "నట్టే ఉన్నది" ఆయన నోట కొత్త. ఇక అప్పటినుంచి అన్నీ అట్లాగే. వాన పడినట్టున్నది. కరెంటు పోయినట్టున్నది. వాకిట్లో నిలబడ్డ చుట్టాన్ని చూసి లోపలికి, "ఎవలో వచ్చినట్టున్నరే" అని చెప్పాడు. "సూసిన" అనే మాట ఆయన నోట మళ్లీ ఒక్కసారే విన్నాను, అది కూడా ఒంటరిగా కాదు.

ఆ హాల్లోనే మా కాలేజీ సహోద్యోగి కూతురి పెళ్లి. భోజనాలు అవుతుండగా బయట గొడవ. ఒక కారు వెనక్కి తీస్తూ ఎవరిదో బైకును పడేసింది. హ్యాండిల్ వంగింది, బైకు కుర్రాడు ఏడుపు మొహంతో ఉన్నాడు. కారాయన నా కారు కాదంటున్నాడు. గేటు అక్కడికి నాలుగు అడుగులు. కుర్రాడు అన్నను పట్టుకున్నాడు.

"తాతా, నువ్వీడనే ఉన్నవు గదా. ఈ కారే గదా గుద్దింది? సూసినవా లేదా?"

అన్న కళ్లజోడు తీశాడు, తుడిచాడు, మళ్లీ పెట్టుకున్నాడు. "గీ కారే అన్నట్టు అనిపిచ్చింది బిడ్డా. నా కండ్లు మంచిగ లేవు. నా మాట పట్టుకోకు."

కారాయన వెంటనే అందుకున్నాడు. "సూసినవా? ఆయనకే కనవడదట." కారెక్కి వెళ్లిపోయాడు.

జనం చెదిరాక నేను ఆయన దగ్గరికి వెళ్లాను. "అన్నా, నిజంగానే చూడలేదా?"

ఆయన గేటు వైపు చూస్తూ నెమ్మదిగా అన్నాడు: "సూసిన అనే నాకనిపిస్తది సారూ. లైటు గూడ గట్లనే సూసిన గద."

ఆయన వెళ్లి, పడిపోయిన గేటు గొళ్లెం సరిచేశాడు.

ఈ వానాకాలంలో గుండె ఆగి పోయాడు. దినాలు అయిపోయాయి.

ఆ తరువాత నా పాత కారుకు టైరు మార్చడానికి ఒక టైర్ల షాపుకు వెళ్లాను. నా ముందు ఒక యువకుడు తన పికప్‌కు వాళ్ల అన్న బండి చక్రాలు వేయించుకోవాలని వచ్చాడు. ఆ అన్న బండి పాత మోడల్. షాపతను పనిచేస్తూనే చెబుతున్నాడు.

"కూసుంటదన్నా, బోల్టులు ఒక్క తీరే. గని లైటు వెలుగుతది."

"ఎందుకు? గాలి ఫుల్లుంటది గద."

"గాలి కథ కాదు. నీ చక్రాల లోపట, వాల్వు కాడ, చిన్న సెన్సారు ఉంటది. గది గాలి చూసి బండికి చెప్తది. పాత మోడల్ చక్రాలల్ల గది ఉండనే ఉండది. కొన్నిట్ల ఉంటది గని దాని మాట నీ బండికి తెల్వది. చెప్పేటోడు లేకపోతే బండి లైటు వెలిగిస్తది." తరువాత నవ్వాడు. "ఇంకో తమాషా ఉన్నది. నీ చక్రాలు మీ అన్న బండికి ఏసినవనుకో. రెండు బండ్లు దగ్గర దగ్గర ఉంటె లైటు ఆరుతది. చక్రాలు ఏ బండికున్నా, ఆ సెన్సార్లు దీనికే చెప్తయి. మీ అన్న దూరం పోంగనే మల్ల వెలుగుతది."

నేను ఆ చివరి మాట మళ్లీ చెప్పమన్నాను. అతను మళ్లీ చెప్పాడు. షెడ్డులో పక్కపక్కన నిలబడ్డ బండ్లు. కొండగట్టు దారిలో మా ముందు తిరిగిన నల్ల చక్రాలు. "నా ఎనుకనే రా."

అక్కడినుంచి నేరుగా పటేల్ షెడ్డుకు వెళ్లాను. ఆయన కుర్చీ వేయించి, చాయ్ తెప్పించి, చివరిదాకా విన్నాడు. వినడంలో తొందర చూపలేదు.

"అట్లనా? చక్రంల ఉంటదా అది? ఎవలకెరుక సారూ" అన్నాడు. చాయ్ గ్లాసు నా వైపు జరిపాడు. "అయినా సారూ, నువ్వు అట్లంటున్నవు గని, ఆయననే నా కాడికి వచ్చిండు గద. తాళాలు చేతుల పెట్టి, నా కాళ్లు మొక్కి, 'తప్పైంది పటేలా, లేని లైటు ఉన్నదన్న' అన్నడు. నేను మొక్కద్దంటె గూడ ఇనలే. లేని తప్పు ఎవలన్న ఒప్పుకుంటరా?"

ఆయన అబద్ధం చెప్పడం లేదు. తర్కం కోసం అడగడం లేదు కూడా. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. నేను చాయ్ తాగకుండా లేచాను.

ఇంటికి వచ్చి చాలాసేపు ఆలోచించాను, అన్న భార్యకు చెప్పాలా వద్దా అని. చెప్పకపోతే ఆ నిజం నా దగ్గర ఉండి చేసేదేమీ లేదు. సాయంత్రం గోడ దగ్గర ఆమె బట్టలు తీస్తుంటే పిలిచాను. వీలైనంత తేలిక మాటల్లో చెప్పాను: చక్రాల లోపల ఏముంటుందో, బండ్లు దగ్గరున్నప్పుడు ఏమవుతుందో, దూరం పోతే ఏమవుతుందో.

ఆమె తీసిన బట్టలు చేతి మీదే ఉంచుకుని విన్నది.

"అంటె, లైటు వెలిగిందా సారూ?"

"వెలిగింది. ఆయన చెప్పిన ప్రతిరోజూ వెలిగింది."

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. తీగ మీద మిగిలిన చీరను లాగి, మడత పెట్టడం మొదలుపెట్టి, మధ్యలో ఆపింది.

"ఇంట్ల గూడ చెప్పేటోడు. అన్నం తినుకుంట, ఇయ్యాల గూడ వెలిగిందే, నేను సూసిన అని. నేను ఊఁ అనేదాన్ని" అన్నది. "ఒకనాడు, నువ్వన్న నమ్ముతున్నవా అని అడిగిండు. నేను కంచంల పప్పు ఏసిన."